ట్రైస్టార్ నాసిరకం విమానమా?

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారాలు.

మార్కెట్లో నిలదొక్కుకోలేకపోయిన పెద్ద విమానాల గురించి గత ఆదివారం మీ పత్రిక అనుబంధంలో రెండు పేజీల వ్యాసం వచ్చింది. విశాఖపట్నం నుంచి బస్సులో ఘాట్ ఎక్కి సునాబెడ చేరేసరికి మీ పత్రికకు పది గంటలు దాటుతుంది. అయినా ఇక్కడి తెలుగువాళ్ళం దానికోసం ఎదురుచూసి, ఒకే ప్రతిని నలుగురైదుగురం చేతులు మార్చుకుని చదువుకుంటాం. ఆ వ్యాసంలో లాక్‌హీడ్ ఎల్-1011 ట్రైస్టార్‌కు దక్కింది ఒక్క పేరా. ఆ విమానం సాంకేతికంగా నాసిరకమనీ, అందుకే విమానయాన సంస్థలు మొహం చాటేశాయనీ ఆ ఒక్క పేరాలోనే తేల్చేశారు. అది 1971లో సర్వీసులోకి వచ్చిందని రాశారు. పక్కన వేసిన ఫోటో అయితే ట్రైస్టార్‌ది కానే కాదు, దానితో పోటీపడిన డీసీ-10ది. నేరం ఒకరి మీద మోపి బొమ్మ పొరుగువాడిది వేసినట్టయింది.

నేను ఈ ఊళ్ళోని విమాన ఇంజన్ల కర్మాగారంలో ముప్పై ఏళ్ళకు పైగా తనిఖీ విభాగంలో పనిచేసి రిటైరైనవాణ్ణి. మా చేతుల మీదుగా వెళ్ళినవి మిగ్‌ల వంటి యుద్ధవిమానాల ఇంజన్లే గాని ప్రయాణికుల విమానాలవి కావు. అయినా ట్రైస్టార్ సంగతి మా షాపులో పాతవాళ్ళు కొత్తగా చేరినవాళ్ళకు చెప్పే కథల్లో ఒకటిగా ఉండేది, ఎందుకంటే అది సగానికి పైగా ఒక ఇంజన్ కథ. అందువల్ల ఆ పేరా చదివాక ఊరుకోబుద్ధి కాలేదు. ఉత్తరం కొంచెం పొడుగైతే మన్నించి, వీలైనంత మేరకు ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

ముందు ఫోటో సంగతి. రెండు విమానాలకూ మూడేసి ఇంజన్లు: రెక్కల కింద చెరొకటి, తోక దగ్గర మూడోది. డీసీ-10లో ఆ మూడో ఇంజన్ నిలువు తోకరెక్క మొదట్లో, రెక్కలోంచి దూర్చిన పీపాలాగా, ముందు నుంచి వెనక్కి తిన్నగా కనిపిస్తుంది. ట్రైస్టార్‌లో బయటికి కనిపించేది గాలి పీల్చుకునే నోరు మాత్రమే. అది విమానం వీపు మీద, తోకరెక్కకు ముందు ఉంటుంది. అక్కడి నుంచి గాలి పాము మెలికలాంటి గొట్టంలో కిందికి దిగి, విమానం కొసన అమర్చిన ఇంజన్‌లోకి వెళుతుంది. ఒకసారి చూసినవారు మళ్ళీ పొరబడరు. ఈ మెలికను పాఠకులు గుర్తుపెట్టుకోవాలి, దీని సంగతి మళ్ళీ వస్తుంది.

ఈ రెండు విమానాలూ ఒకే కడుపున పుట్టిన బిడ్డలంటే తప్పు లేదు. 1966లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ ప్రధాన ఇంజనీరు ఫ్రాంక్ కోల్క్ తమకు ఎలాంటి విమానం కావాలో ఒక నమూనా రాసి తయారీదారుల ముందు పెట్టాడు. సుమారు 250 మంది పట్టాలి, రెండే ఇంజన్లు ఉండాలి, న్యూయార్క్‌లోని లాగార్డియా విమానాశ్రయపు చిన్న రన్‌వే నుంచి షికాగో వంటి ఊళ్ళకు పోగలగాలి. లోపల రెండు నడవాలుండే ఇలాంటి విమానాన్నే వైడ్ బాడీ అంటారు. మీ వ్యాసకర్త దీన్ని 'విశాలకాయ విమానం' అని అనువదించారు గాని, ఎయిర్‌పోర్టులో అలా అంటే ఎవరికీ బోధపడదు.

కోల్క్ అడిగింది రెండు ఇంజన్లు. అయితే ఒక్క సంస్థ కోసం అంత పెద్ద విమానం ఎవరూ తయారుచేయరు. మిగతావారి దగ్గరికి వెళితే ఈస్టర్న్ ఎయిర్‌లైన్స్ తమ విమానాలు సముద్రం మీదుగా పోర్టోరికోకు పోవాలంది, టీడబ్ల్యూఏ (ట్రాన్స్ వరల్డ్ ఎయిర్‌లైన్స్) రాకీ పర్వతాల మీదుగా, డెన్వర్ వంటి ఎత్తైన ఊళ్ళ నుంచి ఎగరాలంది. ఒక ఇంజన్ ఆగినా గంటలోపు చేరగల విమానాశ్రయం అందుబాటులో ఉంటే తప్ప రెండింజన్ల విమానాలు పోకూడదన్న నిబంధన ఆ రోజుల్లో గట్టిగా అమల్లో ఉండేది. అందుకని లాక్‌హీడూ డీసీ-10 తయారీదారైన మెక్‌డొనెల్ డగ్లస్సూ ఇద్దరూ మూడు ఇంజన్ల దగ్గరే ఆగారు. ఆగడమే కాదు, ఇంచుమించు ఒకే సైజు, ఒకే దూరం, ఒకే ధరల దగ్గర ఆగారు. చిన్న ఊరి సంతలో ఇద్దరు కమ్మరులు పక్కపక్కనే కొలిమి పెట్టి ఒకే రకం కొడవళ్ళు కొట్టినట్టుంది వ్యవహారం.

1968 ఫిబ్రవరిలో అమెరికన్ ఎయిర్‌లైన్స్ 25 డీసీ-10లకు ఆర్డరిచ్చింది. లాక్‌హీడ్ వెనుకబడిందని అందరూ అనుకుంటుండగానే మార్చి నెలాఖరున 144 ట్రైస్టార్ల ఆర్డర్లు ఒక్కసారిగా ప్రకటించింది: ఈస్టర్న్ 50, టీడబ్ల్యూఏ 44, ఎయిర్ హోల్డింగ్స్ అన్న బ్రిటిష్ సంస్థ 50. కొద్ది రోజుల్లోనే డెల్టా కూడా చేరింది. అప్పటికింకా డీసీ-10కు అమెరికన్ తప్ప చెప్పుకోదగ్గ కొనుగోలుదారు లేడు. యునైటెడ్ కూడా ట్రైస్టార్ వైపు మొగ్గి ఉంటే డగ్లస్ తన ప్రయత్నం మానుకునేదని నా అభిప్రాయం. కాని ఏప్రిల్‌లో యునైటెడ్ డీసీ-10నే, అదీ అమెరికాలో తయారయ్యే జనరల్ ఎలక్ట్రిక్ ఇంజన్‌తో, ఎంచుకుంది. దానితో ఒకరికి సరిపోయే మార్కెట్‌ను ఇద్దరు పంచుకోవడం ఖాయమైంది. ట్రైస్టార్ మరణకారణం ఏమిటని ఎవరైనా నన్ను అడిగితే నేను మొదట చెప్పేది ఆ ఏప్రిల్ నెల గురించే. అప్పటికి విమానం తొలి నమూనా కూడా తయారుకాలేదు, దాని గుణదోషాల ప్రసక్తే లేదు.

ఇక ఇంజన్. లాక్‌హీడ్ తన విమానానికి ఒకే ఒక్క ఇంజన్‌ను, బ్రిటన్‌లోని రోల్స్ రాయిస్ వారి ఆర్బీ211ను ఎంచుకుంది. ధర తక్కువ, బరువు తక్కువ, పొడవు తక్కువ. పైగా అమెరికా విమానానికి బ్రిటిష్ ఇంజన్ కొంటే డాలర్లు పరాయిదేశానికి పోతాయన్న విమర్శకు ఎయిర్ హోల్డింగ్స్ ఇచ్చిన 50 విమానాల ఆర్డరు సమాధానం చెప్పింది. ఆర్బీ211లో రెండు కొత్త సంగతులున్నాయి. మొదటిది మూడు షాఫ్టులు, అంటే తిరిగే ఇరుసులు. మేము విప్పి బిగించిన మిగ్ ఇంజన్లలో ఒకదానిలో ఒకటి దూరిన రెండు షాఫ్టులు ఉండేవి. గాలిని నొక్కే ముందరి కంప్రెసర్‌ను ఒకటి, వెనుక కంప్రెసర్‌ను మరొకటి తిప్పేవి. ఆర్బీ211లో ముందున్న పెద్ద ఫ్యాన్‌కు కూడా విడిగా ఒక షాఫ్టు పెట్టారు. ఏ భాగం ఏ వేగంతో తిరిగితే బాగుంటుందో ఆ వేగంతో తిరుగుతుంది కాబట్టి తక్కువ వరసల బ్లేడ్లతోనే పని జరుగుతుంది, ఇంజన్ పొట్టిగా, గట్టిగా ఉంటుంది. బిగించేవాడికి మాత్రం నరకం. రెండు షాఫ్టుల మధ్య సందు సరిచూడటానికే మాకు ఒక్కోసారి పూట గడిచిపోయేది. మూడంటే ఆ షాపు ఎలా ఉండేదో ఊహించుకోగలను.

రెండోది ఫ్యాన్ బ్లేడ్లు. వాటిని లోహంతో కాక హైఫిల్ అనే కార్బన్ నార పదార్థంతో చేయాలని రోల్స్ రాయిస్ తలపెట్టింది. టైటానియం బ్లేడ్లతో పోలిస్తే బరువు బాగా తగ్గుతుంది. కార్బన్ నార చాలా పరీక్షలకు నిలిచింది, పక్షి పరీక్షకు నిలవలేదు. ఇంజన్ తిరుగుతుండగా కోడిని ఫిరంగిలాంటి గొట్టంతో దాని నోట్లోకి పేల్చే పరీక్ష అది. వినడానికి నవ్వొస్తుంది గాని రన్‌వే పక్కన గద్దలు తిరిగే మన దేశంలో ఎవరూ నవ్వరు. 1970 మేలో జరిపిన పరీక్షలో హైఫిల్ బ్లేడ్లు ముక్కలైపోయాయి.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి, బ్లేడు దెబ్బతినడమంటే ఏమిటో నా అనుభవంలో నుంచి చెబుతాను. మా తనిఖీ బల్ల మీదికి వచ్చిన ప్రతి బ్లేడు అంచునూ దీపం కింద తిప్పి చూసి, తర్వాత బొటనవేలి గోటిని అంచు పొడవునా నెమ్మదిగా లాగేవాళ్ళం. కంటికి కనిపించని గాటు గోటికి తగిలేది. ఇసుకరేణువంత గాటున్నా దాన్ని పక్కన పెట్టి, కొలిచి, హద్దు దాటితే ఎర్రరంగు పూసి తిరస్కరించేవాళ్ళం. నిమిషానికి వేలసార్లు తిరిగే చోట ఆ గాటు దగ్గరే చీలిక మొదలవుతుంది. అంత చిన్న గాటుకే అంత భయం ఉండే చోట, రెండు కిలోల పక్షి తగిలి బ్లేడు బ్లేడే పగిలిపోతే ఆ ఇంజన్‌ను ఏ అధికారీ ఆమోదించడు. రోల్స్ రాయిస్ అన్నీ వదులుకుని టైటానియం బ్లేడ్లకు మళ్ళింది. బరువు పెరిగింది, ఖర్చు పెరిగింది, అన్నిటికంటే ముఖ్యంగా నెలలు గడిచిపోయాయి. 1970 సెప్టెంబరు నాటికి ఇంజన్ అభివృద్ధి ఖర్చు 17 కోట్ల పౌండ్ల దాకా తేలింది. ఒక్కో ఇంజన్ తయారీకి అయ్యే ఖర్చు, అమ్ముతామని ఒప్పుకున్న ధరను మించిపోయింది. అంటే ఎన్ని అమ్మితే అంత నష్టం.

1971 ఫిబ్రవరి 4న రోల్స్ రాయిస్ దివాలా ప్రకటించింది. ప్రపంచంలో నాణ్యతకు మారుపేరుగా చెప్పుకునే కంపెనీ అది, దివాలా తీయించింది ఒక్క ఇంజన్. ట్రైస్టార్ తొలి నమూనా అప్పటికి మూడు నెలల క్రితమే, 1970 నవంబరు 16న, కాలిఫోర్నియాలోని పామ్‌డేల్‌లో గాలిలోకి లేచింది. విమానం సిద్ధం, ఇంజన్ కంపెనీ లేదు. లాక్‌హీడ్‌లో వేలమందిని పనిలోంచి తీసేశారు. బ్రిటన్‌లో ప్రధాని హీత్ ప్రభుత్వం రోల్స్ రాయిస్‌ను జాతీయం చేసి ఇంజన్ పని కొనసాగించడానికి ఒప్పుకుంది గాని, రెండు షరతులు పెట్టింది: ఇంజన్ ధర పెంచాలి, లాక్‌హీడ్ మధ్యలో మునిగిపోకుండా అమెరికా ప్రభుత్వం పూచీపడాలి. ప్రైవేటు కంపెనీకి సర్కారు పూచీ ఏమిటని అమెరికాలో పెద్ద రభస జరిగింది. చివరికి 25 కోట్ల డాలర్ల అప్పుకు హామీ ఇచ్చే బిల్లు 1971 ఆగస్టు 2న సెనేట్‌లో 49-48 ఓట్లతో, అంటే ఒక్క ఓటు తేడాతో, గట్టెక్కింది. ఆ అప్పును లాక్‌హీడ్ 1977 నాటికి తీర్చేసిందన్నది కూడా ఇక్కడే చెప్పాలి.

ఇంజన్‌ను గాడిలో పెట్టడానికి రోల్స్ రాయిస్, రిటైరైన ఇంజనీరు స్టాన్లీ హుకర్‌ను తిరిగి పిలిపించుకుంది. అరవై దాటిన ఆ పెద్దాయన తనతోపాటు తన వయసు పాత ఇంజనీర్లను కొందరిని కూడగట్టుకుని, సరిపడా థ్రస్ట్ (విమానాన్ని ముందుకు తోసే బలం) ఇవ్వక మొరాయిస్తున్న ఇంజన్‌ను దారికి తెచ్చాడు. మా షాపులో పాతవాళ్ళు ఈ భాగం దగ్గరికి వచ్చేసరికి గొంతు పెంచేవారు. కారణం వేరే చెప్పనక్కర్లేదు, వాళ్ళకూ రిటైర్మెంటు దగ్గరపడుతుండేది. ట్రైస్టార్‌కు 1972 ఏప్రిల్ 14న అనుమతి పత్రం వచ్చింది, అదే నెల 26న ఈస్టర్న్ ఎయిర్‌లైన్స్ దాన్ని ప్రయాణికులతో నడిపింది. మీ వ్యాసంలో రాసిన 1971 డీసీ-10కు వర్తిస్తుంది. అది 1971 ఆగస్టులోనే సర్వీసులోకి వచ్చింది. దాదాపు తొమ్మిది నెలల ఈ తేడాలో ఎటూ తేల్చుకోని కొనుగోలుదారులు ఎటు మొగ్గి ఉంటారో ఊహించడం కష్టం కాదు.

ఇప్పుడు నాసిరకం అన్న మాటకు వస్తాను. 1972 మే నెలలో ఒక ట్రైస్టార్ పామ్‌డేల్ నుంచి వాషింగ్టన్ దగ్గరి డలెస్ విమానాశ్రయం దాకా, పైకి లేవడం నుంచి నేల మీద దిగడం దాకా, పైలట్ చేతులు కంట్రోళ్ళ మీద పెట్టకుండానే ప్రయాణించింది. పొగమంచులో తనంతట తాను దిగగల సామర్థ్యం దానికి మొదటి నుంచీ ఉంది. దిగేటప్పుడు రెక్కల మీది పలకలను కొద్దికొద్దిగా పైకీ కిందికీ కదిలిస్తూ, ముక్కును ఎత్తకుండా దించకుండా ఎత్తు సరిచేసుకునే ఏర్పాటు పెట్టారు. దానివల్ల నేలకు దిగడం మెత్తగా ఉంటుందని పైలట్లు మెచ్చుకునేవారు.

అన్నిటికంటే నాకు ముఖ్యమనిపించేది హైడ్రాలిక్ వ్యవస్థ. తోకనూ రెక్కలనూ కదిలించే నూనె గొట్టాల వరసలు డీసీ-10లో మూడు, ట్రైస్టార్‌లో నాలుగు. ఒకటి ఎక్కువైతే ఏమవుతుందని కాగితం మీద లెక్కలు వేసేవారు అడగవచ్చు. 1981 సెప్టెంబరులో ఈస్టర్న్ వారి ట్రైస్టార్‌లో తోక దగ్గరి ఇంజన్ పగిలి, ముక్కలు ఎగిరి నాలుగింట మూడు వరసలను తెంచేశాయి. మిగిలిన నాలుగోదానితో పైలట్లు న్యూయార్క్‌లో క్షేమంగా దించారు. 1989లో యునైటెడ్ వారి డీసీ-10లో కూడా తోక ఇంజనే పగిలింది. అక్కడున్న మూడు వరసలూ పోయాయి, నాలుగోది లేదు. రెక్కల కింది ఇంజన్ల థ్రస్ట్‌ను పెంచుతూ తగ్గిస్తూ పైలట్లు ఆ విమానాన్ని అయోవాలోని సూ సిటీ దాకా తెచ్చారు గాని, దిగేటప్పుడు అది కూలి 100 మందికి పైగా చనిపోయారు. తనిఖీ బల్ల దగ్గర బతుకంతా గడిపినవాడికి ఆ నాలుగో గొట్టం వెనకున్న మనిషి మీద గౌరవం కలుగుతుంది.

ట్రైస్టార్‌కు ప్రమాదాలు జరగలేదని నేను చెప్పబోవడం లేదు. 1972 డిసెంబరులో మయామీ దగ్గర, ముక్కు చక్రం దిగిందో లేదో చూపే చిన్న బల్బు మాడిపోతే కాక్‌పిట్‌లోని వారంతా దాని వెంటే పడి, విమానం నెమ్మదిగా ఎత్తు కోల్పోతున్న సంగతి గమనించలేదు. ఆ చిత్తడినేలలో 101 మంది ప్రాణాలు పోయాయి. 1980 ఆగస్టులో రియాద్‌లో మంటలంటుకున్న సౌదియా ట్రైస్టార్ క్షేమంగా దిగింది. దిగాక ఆలస్యం జరిగి, తలుపులు తెరుచుకోక, లోపలున్న 301 మందీ చనిపోయారు. ఈ ఘోరాలను తక్కువ చేసి చెప్పడం నా ఉద్దేశం కాదు. కాని విమానపు కట్టుబడిలోని లోపం వల్ల అమ్మకాలు పడిపోయాయని చెప్పాలంటే 1974లో పారిస్ దగ్గర సామాను తలుపు ఊడి 346 మందిని బలిగొన్న డీసీ-10 ముందుగా గుర్తుకు రావాలి. అయినా అమ్మకాల్లో డీసీ-10దే పైచేయి. నాణ్యత ఒక్కటే అమ్మకాలను నిర్ణయిస్తుందనుకుంటే ఈ లెక్క తేలదు.

అసలు దెబ్బ దూరం దగ్గర తగిలింది. తొలి ట్రైస్టార్ అమెరికా లోపలి ప్రయాణాలకు చాలు, సముద్రాలు దాటే దూరాలకు చాలదు. డగ్లస్ తన డీసీ-10కు శక్తిమంతమైన ఇంజన్లు బిగించి, సుదూర ప్రయాణాల మోడల్‌ను 1972 చివర్లోనే స్విస్ ఎయిర్‌కు అందించింది. ఐరోపా, ఆసియా సంస్థలకు కావలసింది అదే. అది కాక, డగ్లస్ దగ్గర కొనుగోలుదారుడు జనరల్ ఎలక్ట్రిక్ ఇంజన్ వద్దనుకుంటే ప్రాట్ అండ్ విట్నీ ఇంజన్ తీసుకోవచ్చు. లాక్‌హీడ్‌కు ఆ వెసులుబాటు లేదు. నేను పైన గుర్తుపెట్టుకోమన్న పాము మెలిక గొట్టం పొట్టిగా ఉండే ఆర్బీ211కు కొలతపెట్టి కుట్టిన చొక్కా వంటిది, అందులో మరో ఇంజన్ తేలిగ్గా ఇమడదు. అందువల్ల లాక్‌హీడ్ ఏం చేయాలన్నా రోల్స్ రాయిస్ ఇంజన్ ఎదగాలి, రోల్స్ రాయిస్ అప్పుడప్పుడే చావు తప్పి లేచి కూర్చుంది. 42,000 పౌండ్ల థ్రస్ట్‌తో మొదలైన ఆ ఇంజన్ 50,000 పౌండ్లకు చేరి, పొట్టి చేసిన ఒంటితో దూరం వెళ్ళే ట్రైస్టార్-500 బ్రిటిష్ ఎయిర్‌వేస్‌లో సర్వీసుకు దిగేసరికి 1979 మే నెల వచ్చింది. ఆరేళ్ళకు పైగా ఆలస్యం. సంత ముగిశాక బండి చేరింది. ఆ మోడల్ అమ్ముడైనవి 50.

ఈలోగా 1973 చమురు సంక్షోభం వచ్చి సంస్థలన్నీ కొత్త విమానాల కొనుగోళ్ళు వాయిదా వేసుకున్నాయి. 1976లో లంచాల వ్యవహారం బయటపడింది. జపాన్‌లో ఆల్ నిప్పన్ ఎయిర్‌వేస్‌కు ట్రైస్టార్లు అమ్ముకోవడానికి లాక్‌హీడ్ డబ్బు పంచిందని అమెరికా సెనేట్ విచారణలో తేలింది. లాక్‌హీడ్ చైర్మన్ డేనియల్ హాటన్ పదవి వదులుకున్నాడు, జపాన్ మాజీ ప్రధాని కకుయెయ్ తనాకా 50 కోట్ల యెన్ల లంచం ఆరోపణపై అరెస్టయ్యాడు, 1983లో దోషిగా తేలాడు. ఇది లాక్‌హీడ్ చేసిన తప్పే, దీనికి సమర్థన లేదు. మీ వ్యాసంలో దీని ప్రస్తావనే లేకపోవడం మాత్రం ఆశ్చర్యంగా ఉంది.

చివరి దెబ్బ ఫ్రాంక్ కోల్క్ 1966లో అడిగిన విమానం నుంచే వచ్చింది. రెండు నడవాలు, రెండే ఇంజన్లు ఉన్న ఎయిర్‌బస్ ఏ300ను ఫ్రాన్స్, జర్మనీ కలిసి తయారుచేసి 1974లో సర్వీసులోకి దించాయి. మన ఇండియన్ ఎయిర్‌లైన్స్ 1976లోనే దాన్ని తెచ్చుకుంది. ట్రైస్టార్‌కు తొలి కొనుగోలుదారైన ఈస్టర్న్ సంస్థే 1977లో నాలుగు ఏ300లను వాడిచూసి, మరుసటి ఏడాది పెద్ద ఆర్డరిచ్చింది. మూడో ఇంజన్ తాగే ఇంధనం, దానికి కావలసిన మరమ్మతులు, విడిభాగాలు అన్నీ మిగిలిపోతుంటే ఎవరు మాత్రం కాదంటారు? 1985లో బోయింగ్ 767లు రెండు ఇంజన్లతోనే అట్లాంటిక్ దాటడానికి అనుమతి పొందడంతో, మూడు ఇంజన్లు ఎందుకన్న ప్రశ్నకు మిగిలిన ఒక్క జవాబూ చెల్లకుండా పోయింది. కాని అప్పటికే ట్రైస్టార్ కథ ముగిసింది. 1981 డిసెంబరులో లాక్‌హీడ్ దాని ఉత్పత్తి ఆపేస్తున్నట్టు ప్రకటించింది. మొత్తం తయారైనవి 250, కంపెనీకి మిగిలిన నష్టం సుమారు 250 కోట్ల డాలర్లు. ఆ తర్వాత లాక్‌హీడ్ ప్రయాణికుల విమానాల జోలికి మళ్ళీ వెళ్ళలేదు. డీసీ-10లు, వాయుసేనకిచ్చిన, గాలిలో ఇంధనం నింపే ట్యాంకర్లు 60 మినహాయిస్తే, 386 తయారయ్యాయి. రెండూ కలిపితే 636. ఆ సంఖ్య ఒక్క కంపెనీకి దక్కి ఉంటే ఈ రోజు మీ వ్యాసంలో ట్రైస్టార్‌కు చోటే ఉండేది కాదు.

ఒక ముక్క చెప్పకుండా ఈ ఉత్తరం ముగించలేను. విమానాన్ని ముంచిన ఇంజన్ మాత్రం బతికి బట్టకట్టింది. ఆర్బీ211ను బోయింగ్ 747, 757లకు బిగించారు. దాని మూడు షాఫ్టుల పద్ధతిలోనే రోల్స్ రాయిస్ ట్రెంట్ వరస ఇంజన్లు వచ్చాయి, అవి ఇప్పుడు ఏ330, ఏ350, బోయింగ్ 787లలో కూడా ఎగురుతున్నాయి. కోడి దెబ్బకు పగిలిన కార్బన్ నార బ్లేడు కూడా ఊరికే పోలేదు. 1995లో బోయింగ్ 777లో వచ్చిన జనరల్ ఎలక్ట్రిక్ వారి జీఈ90 ఇంజన్‌కు అదే రకం బ్లేడ్లు పెట్టారు, అంచుకు టైటానియం తొడుగు వేసి. మేము గోటితో తడిమిన అంచు దగ్గరే మందు దొరికింది.

బరంపురంలో ఉండే మా బావమరిది 1980లలో బొంబాయి నుంచి గల్ఫ్ ఎయిర్ ట్రైస్టార్‌లో వెళ్ళి వస్తూ, "బావా, నీకు పనికొస్తుంది" అని సీటు జేబులోని భద్రతా సూచనల కార్డు తెచ్చి ఇచ్చాడు. అంచులు నలిగాయి గాని, పైన లాక్‌హీడ్ ట్రైస్టార్ అన్న పేరు, తలుపులు చూపే బొమ్మ, వీపు మీద ఇంజన్ నోరు ఇప్పటికీ స్పష్టంగా ఉన్నాయి. సవరణ వేసేటప్పుడు సరైన బొమ్మ మీ దగ్గర లేకపోతే, విశాఖపట్నం బస్సు కండక్టరు చేతికిచ్చి దాన్ని మీ కార్యాలయానికి పంపగలను. పని అయ్యాక తిరిగి పంపించే బాధ్యత మాత్రం మీరు తీసుకోవాలి.

ఇట్లు
భవదీయుడు,
ఒక విశ్రాంత ఇంజన్ తనిఖీ ఉద్యోగి,
సునాబెడ, కోరాపుట్ జిల్లా, ఒడిశా